కొండముచ్చును తినేవారి ఊరు

కొండముచ్చు మాంసం తినే మనుషుల ఊరు ఒకటి ఉన్నదని మా జిల్లాలో అందరికీ తెలుసు. దాన్ని చూసినవారు మాత్రం లేరు. ఆ ఊరు ఎక్కడ ఉందో కనుక్కోవడానికి నేను మెట్‌పల్లిలో బయలుదేరి, గోదావరి దాటి, ఉట్నూరు అడవుల దాకా వెళ్లి వచ్చాను. దారిలో అడగని మనిషి లేడు. ఉన్నదని చెప్పని మనిషీ లేడు. అయితే అది ఎప్పుడూ చెప్పేవాడి ఊరికి ఇంకొక వాగు అవతల ఉంటుంది. అటువైపు వెళ్లని పాఠకులకు ముందే ఒక మాట చెబుతున్నాను: ఆ ఊరు చివరికి నాకు దొరికింది. ఎట్లా దొరికిందో వరుసగా చెబుతాను.

మెట్‌పల్లి

రెండు రాష్ట్రాలూ కలిసి ఒకటైన తర్వాత వచ్చిన మొదటి వేసవి అది. నేను హైదరాబాదులో బి.ఏ. చదువుతున్నాను. కళాశాల వక్తృత్వ పోటీల్లో ఏ పక్షం ఇస్తే ఆ పక్షం వాదించడం అలవాటైంది. అయినా, కారణం చెప్పలేని నిషేధాన్ని ఒప్పుకోకూడదన్న నియమం మాత్రం పోటీ కోసం పెట్టుకున్నది కాదు, నా సొంతం. సెలవులకు హుస్నాబాదులో మా ఇంటికి చేరేసరికి మెట్‌పల్లి నుంచి అక్క కబురు వచ్చి ఉంది. బావను కులంలో బందు పెట్టి వెలివేశారు, మగ్గం ఆగిపోయింది, వెంటనే రమ్మని.

మా బావ నర్సయ్య మంచి నేతగాడు. మగ్గం మీద పని తగ్గిన రోజుల్లో చీరల మూట భుజాన వేసుకొని ఆదిలాబాదు అడవుల్లోని అంగళ్లకు పోయి అమ్ముకొస్తాడు. ఆ సంవత్సరం కూడా ఉగాది తర్వాత అట్లాగే పోయి వచ్చాడు. వచ్చిన సాయంత్రం కల్లు మండువలో కూర్చొని, ఉట్నూరు అవతల ఒక గోండు గూడెంలో వేట కొట్టారనీ, తనను నడుమ కూర్చోబెట్టి దుప్పి తొడముక్క విస్తరిలో వేశారనీ చెప్పాడు. మా వైపు తొడముక్క ఎవరికి పడితే వారికి వేయరు. కొత్త అల్లుడికి వేస్తారు, కులపెద్దకు వేస్తారు. అందుచేత ఆ మాట వినేవారికి కొంచెం గుచ్చుకుంది. మండువలో దుప్పిగా బయలుదేరిన జంతువు బజారు వీధి దాటేసరికి మనుబోతు అయింది. సాలెవాడకు చేరేసరికి చెట్టెక్కి కొండముచ్చు అయి కూర్చుంది. కొండముచ్చు అంటే ఆంజనేయుడు. ఆంజనేయుణ్ణి తిన్నవాడికి కులంలో చోటెక్కడిది?

వెలి అంటే నిప్పూ నీళ్లూ ఇవ్వకపోవడమని చదువరులు అనుకుంటారు. సాలెవాడలో అది చిన్న సంగతి. నిజమైన వెలి పడుగు దగ్గర ఉంటుంది. నిలువు పోగులన్నిటినీ తెల్లవారుజామున వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేలోపల కుంచెలతో దువ్వాలి. ఈ పని ఒక్క ఇంటివారి వల్ల కాదు. ఇటు నలుగురు, అటు నలుగురు పట్టాలి. ఈరోజు నీ పడుగు, రేపు నా పడుగు. ఎవరూ చేయి వేయకపోతే నూలు ఇంట్లో చుట్టలుగా పడి ఉంటుంది, మగ్గం బొమ్మలా నిలబడుతుంది, పొయ్యి ఆ మగ్గాన్నే ఆదర్శంగా తీసుకుంటుంది. మా అక్క ఇంట్లో అప్పటికే ఆ దశ వచ్చింది.

నేను కులపెద్దల ముందుకు వెళ్లి, నేరం మోపినవాడే దాన్ని రుజువు చేయాలని, చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అడిగాను. పెద్దలలో పెద్ద సాయన్న. భారీ మనిషి, ఆయన మాటకు వాడలో ఎదురు లేదు, ఆయన ఆకలికి పెళ్లిళ్లలో ఎదురు లేదు. నా ప్రసంగమంతా ఓపికగా విని, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. అయితె పోయి అడుగుదాం. కులం తరఫున నేనొస్త. ఏం తిన్నడో, ఏ రుచి ఉంటదో, అన్నీ విచారించాలె గద" అన్నాడు. విచారణలో రుచి ఎక్కడ వచ్చిందో నాకు అప్పుడు తట్టలేదు.

బావ మాత్రం సంతోషించలేదు. దూలం వైపు చూస్తూ, "పోవుడెందుకు బామ్మర్దీ? రెండు నెల్లయితె వాళ్లే మరుస్తరు" అన్నాడు. దాన్ని నేను వినయం అనుకున్నాను. అక్క మా దారికి జొన్నరొట్టెలు మూటగడుతూ ఏదో అనబోయింది. నేను ఆ సమయానికి రుజువు బాధ్యత ఎవరిదనే విషయం వివరిస్తున్నాను. ఆమె ఆగి, మూటకు ముడి వేసింది.

జగిత్యాల

బస్సు జగిత్యాలలో ఆగి, కదలనని మొరాయించింది. బస్సు అడ్డా పక్క పూరిపాకలో కుందేలు కూర ఉన్నదని సాయన్న ముక్కు ముందే కనిపెట్టింది. నేను అక్క కట్టిన మూట విప్పబోతే, "రొట్టె పాడవుతదా? కుందేలు మల్ల దొరుకుతదా?" అని దాన్ని మళ్లీ కట్టించాడు.

కుందేలు మాంసం తెల్లగా, పొడిగా, కొంచెం అమాయకంగా ఉంటుంది. కారమే దానికి కులమూ గోత్రమూ. సాయన్న ఆకు ఖాళీ చేసి, ఈ మాంసంలో దోషమేమీ లేదని తేల్చాడు. గడ్డి తినేదాన్ని తింటే గడ్డి తిన్నట్టేనట. ఆ లెక్కన ఎద్దును తిన్నా గడ్డి తిన్నట్టే కదా అని నేను అడిగాను. ఆయన ఇంకొంచెం అన్నం అడిగాడు.

పాక యజమాని పళ్లెం ఆరణాలన్నాడు. కొత్త పైసలు అప్పుడే వచ్చాయి. ఆరణాలు కొత్త పైసల్లో ఎంతో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరమూ ఒకరినొకరు కొంచెంసేపు దొంగలా చూసుకొని రాజీపడ్డాం. తర్వాత, కొండముచ్చును తినేవారు ఈ వైపు ఉన్నారా అని అడిగాను. అప్పటిదాకా కుందేళ్లనూ, కౌజులనూ, ఉడుతలనూ కూడా తాను వండిన వైనం చెబుతున్న ఆ మనిషి చెవులు మూసుకున్నాడు. "రామ రామ. మా దిక్కు గసొంటియి ముట్టరు. గోదారి అవతల తింటరట" అన్నాడు.

ధర్మపురి రేవు

ధర్మపురిలో మాంసం మాట ఎత్తరాదు. సాయన్న ఆ నియమాన్ని చాలా నిష్ఠగా పాటించాడు. గోదావరిలో మూడు మునకలు వేసి, నరసింహస్వామిని దర్శించుకొని, పులిహోర తిని, ప్రశాంతమైన ముఖంతో బయటికి వచ్చాడు. కుందేలు ఖాతా మునకతో మాసిపోయింది. ఇక రాబోయేవాటికి చోటు అయింది.

వైశాఖంలో అక్కడ గోదావరి సగం ఇసుక. ఆ ఇసుక పెనంలా కాలుతున్నది. నడుమ నా చెప్పు వారు తెగింది. హేతువాదికి అరికాళ్లు కూడా కాలుతాయని అక్కడే నాకు ప్రత్యక్ష ప్రమాణం దొరికింది. కుంటుతూ పడవ చేరితే, పడవ నడిపే బెస్తాయన నన్ను చూసి నవ్వాడు. తాబేలు తింటావా అని ఆయన్ని అడిగాను. తాబేలు తినకుండా ఎట్లా ఉంటామన్నాడు. మొసలి? ఆయనకు కోపం వచ్చింది. తామేమైనా మొసలిని తినేవాళ్లలా కనబడుతున్నామా అని, అది మంథని దిగువవాళ్లు తింటారని చెప్పాడు. మంథనిలో నాకు తెలిసినవారంతా ఉల్లిపాయకే ఆలోచించే మనుషులు. ఆ మాట చెప్పాను. అయితే ఇంకా దిగువ అన్నాడు.

లక్షెట్టిపేట

గోదావరి అవతలికి వచ్చాం. జగిత్యాల పాకవాడి లెక్క ప్రకారం ఇక్కడ కొండముచ్చు కూర కుండల్లో ఉడుకుతూ ఉండాలి. ఉడుకుతున్నది అడవిపంది. ఆ రోజు అంగడి. ఎల్లవ్వ అనే ముసలామె చింతచెట్టు కింద మూడు పొయ్యిలు పెట్టి వండుతున్నది. చింతచిగురు వేసిన అడవిపంది కూర వాసన దూరం నుంచే మమ్మల్ని పేరు పెట్టి పిలిచింది.

ఇక్కడ నేను సాయన్నను నిలదీశాను. పందిని తిన్నాడని కిందటేడు ఒక మనిషికి ఆయనే తప్పు వేసి జరిమానా కట్టించాడని అక్క చెప్పగా విన్నాను. ఆయన తడుముకోలేదు. ఊరపంది వేరు, అడవిపంది వేరు. ఊరపంది ఏమి తింటుందో అందరికీ తెలుసు. అడవిపంది కందమూలాలు తింటుంది, ఏకాంతంలో ఉంటుంది, ఎవరి జోలికీ పోదు. "అది పంది గాదు బిడ్డా. ఋషి."

ఎల్లవ్వ గరిటె ఆపింది. "అయితె ఋషినే తింటున్నవు గద పటేలా" అంది.

చుట్టూ తింటున్నవాళ్లు నవ్వారు. సాయన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆకు ముందుకు జరిపాడు. ఆమె ఇంకొక గరిటె వేసి, "నాకేం బాధ? నేనైతె ముట్ట. వండుత, అమ్ముత, చేతులు కడుక్కుంట" అంది. ఎందుకు తినవని అడిగాను. వాళ్ల ఇంటిదేవత ఒప్పుకోదట. అమ్మితే ఒప్పుకుంటుందా అన్నాను. అమ్మకపోతే ఆ దేవతకు దీపం ఎవరు పెడతారని నన్నే అడిగింది. ఆ యాత్రలో నాకు సూటిగా వచ్చిన జవాబు అదొక్కటే.

కూర సంగతి చెప్పాలి. కొవ్వు మందంగా, తోలు నమిలేకొద్దీ మెత్తబడుతూ, చిగురు పులుపుతో కలిసి, గొర్రెమాంసం ఇన్నాళ్లూ మనల్ని మోసం చేసిందనిపించేటట్టు ఉంది. నియమం ప్రకారం రుచి చూడటానికే తిన్నాను. రెండోసారి తిన్నది నియమం ప్రకారం కాదు.

కొండముచ్చు గురించి అడిగితే ఎల్లవ్వ ఉమ్మేసింది. "జన్నారం అడవిల తింటరేమో."

జన్నారం

జన్నారం దగ్గర ఒక కట్టె గుత్తేదారు మకాంలో దిగాం. సాయన్నకు ఆయన నూలు బేరాల నాటి స్నేహితుడు. టేకు దుంగల మధ్య గుడిసెలు, గుడిసెల మధ్య పొయ్యి, పొయ్యి మీద ఏదుపంది. ముళ్లు పెరికి, తోలుతోనే మంటల మీద కాల్చి, గీకి, ముక్కలు చేశారు. పెరికిన ముళ్లలో ఒకటి నేను కూర్చోబోయే మంచం నులకలో ఉన్నదని కూర్చున్నాకే తెలిసింది. నేను లేచిన వేగాన్ని గుత్తేదారు చాలాసేపు మెచ్చుకున్నాడు. ఆ తర్వాత తిండి నిలబడే తిన్నాను. తోలు జిగురుగా పెదవులకు అంటుకుంటుంది. మాంసంలో తవ్విన దుంపల వాసన ఒకటి వస్తుంది. పగ తీర్చుకుంటున్నానన్న తృప్తి వల్ల కూడా కావచ్చు, బాగుంది.

మాతోపాటు ఫారెస్టు గార్డు ఒకాయన తిన్నాడు. మూలుగ పీలుస్తూ, అడవి జంతువులను కొట్టడం ఎంత పెద్ద నేరమో నాకు వివరించాడు. ముందటి వారమే ఒక కోయవాణ్ణి కుందేలుతో పట్టుకొని కచేరీకి పంపాడట. మరి మన ఆకుల్లో ఉన్నది ఏమిటని అడిగాను. "కొట్టుడు జుర్మ్. తినుడు జుర్మ్ అని ఏడ రాసుంది? జర చూపెట్టు" అన్నాడు. బడి నాటి నుంచి ఏడేళ్లుగా చర్చాపోటీల్లో ఉన్నాను. ఇంత నిశ్చింతగా ఎముక చప్పరిస్తూ వాదించిన ప్రత్యర్థిని చూడలేదు. ఆ కుందేలు ఏమైందని అడిగాను. సాక్ష్యం చెడిపోతుందని ఆ రోజే వండించాడట.

మర్నాడు ఉడుము వచ్చింది. ఉడుము తినేవాడు తక్కువవాడని సాయన్న దారిలో రెండుసార్లు అన్నాడు. అది నడుమునొప్పికి మందని గుత్తేదారు చెప్పగానే సాయన్న నడుము పట్టుకున్నాడు. మందుకు కులం లేదు గనుక రెండు మోతాదులు తీసుకున్నాడు. నేనూ నియమం ప్రకారం నోట్లో పెట్టుకున్నాను. కోడిమాంసంలా ఉంటుందని చెప్పినవారు కోడిని అవమానించారు. నా నియమం ఒప్పుకుంది, కడుపు ఒప్పుకోలేదు. టేకు చెట్టు చాటున కడుపే గెలిచింది.

కొండముచ్చు? అది ఉట్నూరు అవతల, గోండు గూడేల్లో, అని గార్డూ గుత్తేదారూ ఏకగ్రీవంగా చెప్పారు.

ఉట్నూరు దాటాక

గూడెం చిన్నది. ఇళ్ల ముందు అలికి, ముగ్గువేసి, మెట్‌పల్లి సాలెవాడ కంటే శుభ్రంగా ఉంది. ఊరి మొదట్లో ఇప్పచెట్టు కింద ఒక మంచం. మమ్మల్ని దాని మీద కూర్చోబెట్టి, కాళ్లకు నీళ్లిచ్చి, ఊరి పటేల్ లచ్చు వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. నరిసిన మీసాలు, తొందర లేని మాట. మరాఠీ మాటలు కలిసిన తెలుగు మాట్లాడాడు. విత్తనాలు చల్లేముందు జరిగే వేట కాలం కనుక మగవాళ్లు అడవికి పోయారని, వచ్చేదాకా కూర్చోమని చెప్పాడు.

పొద్దు వాలకముందే డోలు వినబడింది. దుప్పిని మోసుకొచ్చారు. ఆడవాళ్లు ఎదురువెళ్లి వేటగాళ్ల కాళ్లు కడిగారు. దేవుడి ముందు కోసి, మోదుగాకుల మీద కుప్పలు పెట్టారు. ఇంటికొక కుప్ప. మగదిక్కు లేని ఇంటికీ అంతే, జ్వరంతో వేటకు పోనివాడికీ అంతే; కుక్కలకు సైతం వాటా ఉంది. మా వైపు విందుల్లో ముక్కలు మనుషుల్ని చూసి పడతాయి. ఇక్కడ చూడకుండా పడుతున్నాయి. సాయన్న చొక్కా చేతులు మడిచి, చెంబులో నీళ్లతో చేతులు కడుక్కొని సిద్ధంగా కూర్చున్నాడు.

మాకు వచ్చింది ఒక కొత్త కుండ, జొన్నరవ్వ, ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు. మంచం పక్కన మూడు రాళ్లు చూపించి, వండుకోమన్నారు.

"కూర?" అన్నాడు సాయన్న.

పటేల్ నొచ్చుకున్నాడు. "మీరు పావునలు. ఇంటికొచ్చినోళ్లు. తప్పు పట్టకుండ్రి. గిది విత్తనాల వేట. ఊరోళ్లు తప్ప వేరేటోళ్లు తింటె విత్తనం మొలవది. పక్క గూడెం గోండుకే పెట్టం, మా బిడ్డనిచ్చిన ఇంటోళ్లకే పెట్టం."

తాము సామాన్యులం కామని, మార్కండేయుడి వంశమని, పెద్ద కులమని సాయన్న వివరించాడు. పటేల్ శ్రద్ధగా విన్నాడు.

"బరోబర్. పెద్ద కులమే కావచ్చు. మా విత్తనాలకు తెల్వది గద."

అప్పుడు నేను అసలు ప్రశ్న వేశాను: చీరల నర్సయ్య వచ్చినప్పుడు ఏ జంతువు కొట్టారు, అతడికి ఏమి పెట్టారు? పటేల్ ముఖం వెలిగింది. నర్సయ్య ఆయనకు బాగా తెలుసు. చీరలు మంచివి, మనిషి మంచివాడు. ఆ రోజు కూడా దుప్పే. "గీ మంచం మీదనే కూసున్నడు, నువ్వు కూసున్న జాగలనే. ఒక్క ముక్క పెట్టుమని రెండు మూడు మార్లడిగిండు. మాకు మస్తు బాధైంది. గని ఎట్ల పెడతం? జొన్నరవ్వ ఇచ్చినం. పాపం, వండరాదు ఆయనకు. నీళ్లు తాగి పండుకున్నడు."

బావ దూలం వైపు ఎందుకు చూశాడో ఆ మంచం మీద నాకు అర్థమైంది. తొడముక్క వేసిన విస్తరి ఎంత వివరంగా చెప్పాడో తలచుకున్నాను. అంత వివరంగా చెప్పగలిగేది తినని మనిషే.

చివరి ప్రశ్న మిగిలింది. మీరు కొండముచ్చును తింటారా అని అడిగాను. పటేల్ ఒక్కసారి వెనక్కి జరిగాడు. అట్లాంటి పాడు పని తమ వంశంలో లేదు. "గది గోదారి అవతలోళ్లు తింటరని మా తాత చెప్పేటోడు. మీ దిక్కేనట, జగిత్యాల, మెట్‌పల్లి."

యాత్ర ఫలించింది. ఊరు దొరికింది. నేను అక్కడి నుంచే బయలుదేరానన్నది వేరే సంగతి.

జొన్నరవ్వ నేనే వండాను. అడుగు మాడింది, పైన ఉడకలేదు. గాలి ఊరివైపు నుంచి వీస్తున్నది. ప్రతి ఇంటి కుండా ఆ గాలిలో తన సంగతి చెప్పుకుంటున్నది. సాయన్న రెండు ముద్దలు మింగి, మెట్‌పల్లి దిశగా ముఖం పెట్టి కూర్చున్నాడు.

తిరుగు దారి

తిరుగు దారిలో సాయన్న ఎవరినీ ఏమీ విచారించలేదు. లక్షెట్టిపేటలో ఎల్లవ్వ, "ఏం పటేలా, ఋషి బాగున్నడు, రా" అని పిలిస్తే, ఆకలి లేదన్నాడు. నాకు భయం వేసింది. పడవలో కూర్చున్నాక నోరు విప్పాడు. నర్సయ్య దుప్పిని తిన్నాడని చెప్పేద్దాం అన్నాడు. వేరేవాళ్ల కుండలో తిన్నందుకు చిన్న తప్పు వేసి కలుపుకుంటారు, పడుగు పట్టడానికి వస్తారు, అందరికీ మంచిది.

తినని మనిషికి తప్పు వేయడమేమిటని నేను అడిగాను. నిజం చెబితే ఏ తప్పూ లేకుండానే బయటపడతాడు కదా?

"నీకు సమజైతలేదు బిడ్డా. కొండముచ్చు తిన్నడంటె వానొక్కని ఇజ్జతి పోతది. పెట్టలేదంటె కులం ఇజ్జతే పోతది."

సత్యం ఎవరి ఇజ్జతినీ చూడదని చెప్పాను. వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

"నీ సత్యం వచ్చి పడుగు పడ్తదా?" అన్నాడు సాయన్న. పడవ ధర్మపురి గట్టు చేరింది. అక్కడ ఆయన మళ్లీ మూడు మునకలు వేశాడు. ఈసారి పందినీ ఉడుమునూ కాక ఇంకా దేన్ని కడుక్కున్నాడో నాకు తెలియదు. ఆ గూడెంలో ఆయన తిన్నది జొన్నరవ్వ మాత్రమే.

మళ్లీ మెట్‌పల్లి

మర్నాటి ఉదయం మార్కండేయ గుడి అరుగు మీద కులం కూర్చుంది. బావ స్తంభం పక్కన, ఎవరినీ తాకకుండా, తువ్వాలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. సాయన్న గొంతు సవరించుకునేలోపల నేనే లేచాను. ఆరోపణ చెప్పాను, సాక్ష్యం చెప్పాను, పటేల్ మాటలు పొల్లుపోకుండా చెప్పాను. ఆ గూడెంలో ఎవరూ కొండముచ్చును ముట్టరు. ఆ రోజు కోసింది దుప్పి. దాన్ని కూడా మా బావకు పెట్టలేదు. ఊరి బయట మంచం మీద కూర్చోబెట్టి జొన్నరవ్వ ఇచ్చారు. కనుక అతడు సర్వథా నిర్దోషి. ఇంత సంపూర్ణమైన రుజువు నేను ఏ పోటీలోనూ సమర్పించలేదు. చప్పట్లు లేవు.

వెనక వరుసలో ఒకాయన, "అంటే, అడివోళ్లు మనోనికి పెట్టలేదా?" అన్నాడు. ఇంకొకాయన, "బయట కూసోబెట్టిండ్రా? సాలోన్ని?" అన్నాడు. అరుగు మీద గాలి మారింది. అప్పటిదాకా నర్సయ్య పాపం గురించి విచారపడుతున్న కులం ఇప్పుడు తన గురించి విచారపడసాగింది. ఒక పెద్దమనిషి సాయన్న వైపు తిరిగి, "మీరు పోతె? మీకూ పెట్టలేదా?" అని అడిగాడు.

సాయన్న నా వైపు చూడలేదు. "నాకు పెట్టకేం? నడుమ కూసోబెట్టి పెట్టిండ్రు. తొడముక్క" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అప్పుడే బావ మాట్లాడాడు. నా వైపు ఒకసారి చూసి, చూపు దించి, నెమ్మదిగా చెప్పాడు.

"బామ్మర్ది చదువుకున్నోడు. వాళ్ల మాట ఆయనకు సమజ్ కాలే. నాకూ పెట్టిండ్రు. దుప్పి. నేను తిన్న. కులం ఏం తప్పేస్తె గది కట్టుకుంట."

అరుగు మీద అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కులం గౌరవం నిలబడింది, కొండముచ్చు చెట్టు దిగి అడవిలోకి పోయింది. వేరేవాళ్ల కుండలో తిన్నందుకు నర్సయ్య కులానికి ఒక పొట్టేలు పెట్టాలని తీర్పు. సాయన్న కూడా అదే కుండలో తిన్నానన్నాడు కదా, ఆయనకు తప్పు లేదా అని నేను అడిగాను. ఆయన తిన్నది విచారణ కోసమని, విచారణకు దోషం లేదని చెప్పారు. మరి నీకేం పెట్టారని ఎవరో అడిగారు. జొన్నరవ్వ అన్నాను. అందరూ నన్ను జాలిగా చూశారు. ఒకాయనయితే, "చదువుకున్నోళ్లను వాళ్లు గుర్తువట్టరు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని ఓదార్చాడు.

ఇంటికి వచ్చి అక్కకు నిజం చెప్పబోయాను. ఆమె మసాలా నూరుతూనే ఉంది.

"నాకెర్కే తమ్మీ. ఆనాడు అడివి నుంచి వచ్చి సద్దికుండ అడుగు దాక ఊడ్చి తిన్నడు. విందు తిన్నోడు గట్ల తింటడా?"

మరి ఎందుకు చెప్పలేదన్నాను.

"అడిగిండ్రా ఎవలన్న? నువ్వడిగినవా?"

పొట్టేలును గుడి వెనక కోశారు. కులంలో మళ్లీ కలిసే మనిషికి పెద్ద తన ఆకులో నుంచి ఒక ముక్క తీసి పెట్టాలి. అది తిన్నాకే అతడు కులపువాడు. సాయన్న ఆకులో పద్ధతి ప్రకారం తొడముక్క ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. ఏమి తోచిందో, తుంచకుండా, ముక్క ముక్కంతా తీసి బావ ఆకులో వేశాడు. బావ నిదానంగా, కళ్లు మూసుకొని తిన్నాడు. మరుసటి తెల్లవారుజామున అక్క పడుగు వీధి పొడవునా చాచారు. ఇటూ అటూ కావలసినన్ని చేతులు పడ్డాయి, నావి కూడా.

అది మర్నాటి మాట. ఆ పూట పంక్తిలో అందరూ బావ ముఖం వైపే చూస్తున్నారు. ఎవరో ఎట్లా ఉందని అడిగారు. బావ కళ్లు తెరిచి, ఎముక చివర కొరికి, తల ఆడించాడు.

"మంచిగనే ఉంది. గని గోండోళ్లు పెట్టిన తొడ రుచి దీనికి రాలే."

"రాదు" అన్నాడు సాయన్న గంభీరంగా. "దాని రుచే వేరు. తిన్నోళ్లకే తెలుస్తది."

ఇద్దరూ నా వైపు చూశారు. నా నోట్లో ముక్క ఉంది. నేను వాదించలేదు.